రెండు ముడుల దారం

మొగల్తూరు చుట్టుపక్కల లేసు అల్లుకునే ఆడవాళ్లకి తబిత వస్తున్న సంగతి సైకిలు బెల్లు వల్ల తెలియదు, తిట్ల వల్ల తెలుస్తుంది. కాలువ గట్టు మీద తొక్కుకుంటూ, రోడ్డేసిన కాంట్రాక్టర్ని ఒకసారి, అడ్డం వచ్చిన గేదెని ఒకసారి, ఆ గేదెని వదిలేసి ఫోను చూసుకుంటున్న మనిషిని రెండుసార్లు తిట్టుకుంటూ వస్తుంది. నలభై దాటిన మనిషి. నరసాపురంలో హరిబాబు గారి లేసు షెడ్డు నుంచి దారం, డిజైన్లు తెచ్చి ఇళ్లల్లో ఇవ్వడం, వాళ్లు అల్లిన పువ్వులూ టేబుల్ గుడ్డలూ పోగుచేసి మళ్లీ షెడ్డుకి చేర్చడం ఆమె పని. భర్త ఎజ్రా రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటాడు. అతనికి మోటారు సైకిలుంది. తబిత దాని వెనక ఎక్కదు. "ఒకరి వీపు చూసుకుంటూ ఊళ్లు తిరగడానికి నేనేమన్నా ఊకబస్తానా?" అంటుంది.

ఉప్పుగాలికి పాత సైకిలు తుప్పుపట్టి ఫ్రేము చేతికొచ్చాక, వానాకాలం మొదట్లో కొత్తది కొంది. కొన్నది బుల్లబ్బాయి షాపులో. బుల్లబ్బాయి సెంటర్లో సైకిళ్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు, అడక్కపోయినా సలహాలు చెబుతాడు. కొత్త సైకిలు సీటు సన్నగా, పొడుగ్గా, ముందు మూతి కోసుగా ఉంది.

"లేటెస్ట్ మోడలండి తబితమ్మ గారూ, రేసు సీటు" అన్నాడు. రేసు ఎవరితోనో చెప్పలేదు.

నొప్పి మొదలవడానికి ఎంతో కాలం పట్టలేదు. ఎక్కడ నొప్పి అంటే చెప్పేయొచ్చు. కానీ ఆ ఊళ్లో ఆడవాళ్ల ఒంటికి మెడ ఉంది, నడుముంది, మోకాళ్లున్నాయి. నడుముకీ మోకాళ్లకీ మధ్య ఏమీ లేదు. అక్కడ నొప్పొస్తే నడుమని చెప్పాలి, మరీ ఎక్కువైతే మోకాళ్లని చెప్పాలి. అదీ మర్యాద. ఊరందరినీ నోటితో ఉతికి ఆరేసే తబిత కూడా ఈ ఒక్క విషయంలో మర్యాద తప్పలేదు. బుల్లబ్బాయి షాపుకెళ్లి నడుము నొప్పిగా ఉందని చెప్పింది.

బుల్లబ్బాయి హేండిల్ పైకెత్తాడు. నొప్పి తగ్గలేదు. మళ్లీ వెళ్లింది. మళ్లీ నడుమనే చెప్పింది. "అయితే కొత్త సీటు కదండీ, ఒంటికి అలవాటు పడాలండి" అన్నాడు. ఎవరు ఎవరికి అలవాటు పడాలో తబితకి అర్థం కాలేదు. డబ్బులిచ్చి కొన్నది ఆమె, అలవాటు పడాల్సిందీ ఆమేనట. మూడోసారి వెళ్తే అతను జాలిపడి, అద్దాల బీరువాలోంచి ఒక సీటు కవరు తీశాడు. లోపల మెత్తటి జెల్. గులాబీ రంగు. మీద తెల్ల పువ్వులు, పక్కన 'లేడీస్' అని ఇంగ్లీషులో బంగారు రంగు అక్షరాలు. కింద మాత్రం అదే సన్న సీటు. ఆడవాళ్లకి ఏం కావాలో కనుక్కోవడానికి ఈ కంపెనీవాళ్లు ఆడవాళ్ల దగ్గరికి రాలేదనీ, తిన్నగా రంగు డబ్బా దగ్గరికి వెళ్లి అడిగొచ్చారనీ తబితకి దాన్ని చూడగానే అనిపించింది. అయినా వేయించుకుంది. కూర్చోగానే జెల్ హాయిగా కిందికి దిగింది. దిగి, మధ్యలో ఉబ్బి, ఇందాక ఎక్కడ నొక్కుతోందో సరిగ్గా అక్కడే ఇంకా గట్టిగా నొక్కింది.

డాక్టరుకీ నడుమనే చెప్పింది. చెప్పినదానికి తగ్గట్టు ఆయన నడుముకి బెల్టు రాశాడు. బెల్టు కట్టుకుని సీటెక్కితే వంగడానికి లేక, పెళ్లికొడుకు గుర్రం మీద కూర్చున్నట్టు బిగుసుకుని కూర్చోవాల్సి వచ్చింది. ఆదివారం లూథరన్ చర్చిలో పాస్టర్ విజయ్ పాల్ గారు ఆమె నడుము గురించి కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. పై ఆదివారం "ఎలా ఉందమ్మా?" అని అందరి ముందూ అడిగితే, కాదనలేక "కొంచెం నయమండి" అంది. అంతే, నడుము బాగైందని ఆయన మైకులో చెప్పేశారు. నిజం దేవుడికి తెలుసు కాబట్టి ఆయన్ని మోసం చేసినట్టు కాదులే అని తబిత తనకి తాను సర్దిచెప్పుకుంది.

మర్యాద కాపాడుకుంది గానీ ఒళ్లు కాపాడుకోలేకపోయింది. చర్మం ఒరుసుకుపోయి పుండైంది. గట్టు మీద సగం దూరం సైకిలు నడిపించుకుంటూ పోయేది. షెడ్డుకి సరుకు ఆలస్యంగా చేరడం మొదలైంది.

హరిబాబు గారు మంచివాడే. ముఖ్యంగా ఎదుటివాళ్ల నొప్పి ఓర్చుకోవడంలో చాలా మంచివాడు. ఒకరోజు ఫ్యాను కింద కుర్చీలో వెనక్కి వాలి, చల్లగా చెప్పాడు.

"చూడు తబితా, క్రిస్మస్ ఆర్డరు. ఫారిన్‌కి వెళ్లాల్సిన సరుకు. శనివారం మధ్యాహ్నానికి మొత్తం ఇక్కడుండాలి. లేదంటే ఆ రూటు మా మురళీకృష్ణ చూసుకుంటాడు. వాడికి బండుంది కదా. నువ్వు ఎక్కడికీ పోనక్కర్లేదు, ఇక్కడే కూర్చుని దారం చుట్టలు కట్టుకుందువుగాని."

మురళీకృష్ణ ఆయన బావమరిది. దారపు ఉండకీ బూందీ ఉండకీ తేడా తినిచూస్తే గానీ తెలియని మనిషి. అతను బండి మీద వచ్చి వాకిట్లో హారన్ కొడితే లేసు అల్లే ఆడవాళ్లు ఏం చెబుతారు? ఈ పువ్వు అంచు బిగుసుకుపోతోందని, కళ్లు కనపడట్లేదు కాస్త లావు దారం పని ఇప్పించమని అతనికి చెబుతారా? అదంతా అటుంచినా, తబిత మనసులో అసలు బాధ వేరు. పెళ్లయి ఈ ఊరొచ్చినప్పటి నుంచి ఎక్కడికి వెళ్తున్నావు, ఎప్పుడొస్తావు అని ఎవరూ అడగని చోటు ఆమెకి ఒక్కటే ఉంది. అది ఆ సీటు. కొబ్బరిచెట్ల మధ్య గట్టు మీద పోతుంటే ఆమె ఎవరి కోడలూ కాదు, ఎవరి పెళ్లామూ కాదు. ఆ దారి పోతుందనుకుంటే ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. వశిష్ట గోదావరి ఒడ్డున రేవు దగ్గర సైకిలు ఆపి, ఏరు దాటడానికి పంటు ఎక్కేవాళ్లు చూస్తున్నా లక్ష్యపెట్టకుండా ఏడ్చింది. ఏడ్చాక ఆ చూసినవాళ్లని తిట్టింది.

ఆమె వెళ్లే ఇళ్లల్లో సంపూర్ణమ్మ గారి ఇల్లు ఒకటి. డెబ్బై దగ్గర పడిన మనిషి. ఆవిడ అల్లినంత సమానంగా చేప పొలుసు డిజైను ఆ చుట్టుపక్కల ఎవరూ అల్లలేరు. ఒకప్పుడు కాలువ అవతలి ఊరి స్కూల్లో టీచరు. సైకిలు మీద వెళ్లేది. ఏడాది తిరక్కుండానే ఆ సైకిలు మానేసింది, బస్సులేని ఆ ఊరికి మరో దారిలేక ఉద్యోగమూ మానేసింది. ఎందుకూ అంటే భర్త ఆరోన్ గారికి ఇష్టం లేదంది. అదొక్క మాట చాలు కదా. ఆ రోజు నుంచి ఆరోన్ గారు ఊళ్లో అనుమానపు మనిషి. ఎవరి అరుగు మీదా ఆయనకి సరైన మర్యాద దొరకలేదు. ఆయన కూడా ఊళ్లోవాళ్లతో ముక్తసరిగా రెండు ముక్కలు మాట్లాడి తలుపేసుకునేవాడు. అది చూసి, చూశారా అనుమానం అనేవారు. ఆయన పోయినప్పుడు కూడా తబిత ఊరుకోలేదు. సమాధుల దొడ్డి గేటు దగ్గర, "ఇక అడ్డు చెప్పేవాళ్లు లేరు, సైకిలెక్కండి టీచర్ గారూ" అంది. అన్నాక పక్కనున్నవాళ్లు మూతులు ముడుచుకుని నవ్వుకున్నారు. సంపూర్ణమ్మ గారు తల వంచుకుని గేటు దాటింది.

హరిబాబు గారి బెదిరింపు విన్న మర్నాడు తబిత కుంటుకుంటూ ఆ ఇంటికి వెళ్లింది. సంపూర్ణమ్మ గారు షెడ్డు సంగతి విని, అల్లిక పక్కన పెట్టి చూసింది.

"ఎందుకొచ్చిన బాధమ్మా ఇదంతా? షెడ్డులో కూర్చోమంటున్నారుగా, కూర్చోరాదూ?"

"ఎవరో వద్దన్నారని దిగిపోవడానికి నేను మీలాంటిదాన్ని కాదండి" అంది తబిత.

అనేసి, అల్లిన పువ్వులు సంచిలో కుక్కుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం చర్చి వరండాలో స్త్రీల సమాజం కూడింది. చాపలేసుకుని అందరూ కూర్చున్నారు. తబిత కూర్చోలేదు, గోడకి ఒరిగి నిలబడింది. పాస్టర్ గారి భార్య క్రిస్టినా ప్రార్థన అంశాలు అడుగుతూ ఆమెని చూసి చిరునవ్వు నవ్వింది.

"తబితగారి నడుము స్వస్థపరిచినందుకు దేవుడికి వందనాలు చెబుదామండి. రండి తబితగారూ, కూర్చోండి. మోకరిద్దాం."

తబిత చాప వైపు చూసింది. బెల్టు బిగువుకి ఊపిరాడలేదు. నొప్పి సలుపుతోంది. ఎల్లుండే శనివారం. ఇన్నాళ్లు బిగబట్టుకున్న మర్యాద అక్కడితో తెగిపోయింది.

"నడుముకేం లేదండి పాస్టరమ్మ గారూ! అసలు నాకు ఎప్పుడూ నడుం నొప్పి లేదు. నొప్పి కాళ్ల మధ్య. ఆ సీటు మూతి గుచ్చుకుని గుచ్చుకుని పుండైపోయింది. మీరేమో నడుముకి ప్రార్థన చేస్తారు, డాక్టరేమో నడుముకి బెల్టిస్తాడు, ఆ బుల్లబ్బాయేమో నడుముకి హేండిలెత్తుతాడు. నా నడుమంత సేవ ఈ జిల్లాలో ఎవరి నడుముకీ జరగలేదండి!"

క్రిస్టినా చేతిలో బైబిలు తెరిచిన పేజీ దగ్గరే ఉండిపోయింది. ఒకామె గబగబా కొంగు సర్దుకుంది, సర్దుకోవాల్సింది ఆమె కొంగన్నట్టు.

అప్పుడు వెనక వరసలోంచి పాపాయి గొంతు వినపడింది. పాపాయి అంగన్‌వాడీలో ఆయా, రోజూ సైకిలు మీద వెళ్తుంది. "నాకూ అక్కడేనండి" అంది. "నేను మోకాళ్లని చెప్పుకుంటున్నాను."

దాంతో గట్టు తెగినట్టయింది. ఒకామె లోపల రెండు లంగాలు కట్టుకుని తొక్కుతోందట. ఇంకొకామె ఊరు దాటేవరకు సీటు మీద కూర్చోదట, పెడల్ మీద నిలబడే పోతుందట. మరొకామె సీటుకి పాత దిండు కట్టుకుంటే అది వానకి తడిసి ఇంకా బాగా ఒరిసిందట. ఒకరి మాట పూర్తవకుండానే ఇంకొకరు అందుకున్నారు, నవ్వు ఆపుకోలేక కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఊళ్లో ఇంతమంది ఆడవాళ్లకి నడుం నొప్పులు ఎందుకున్నాయో ఆ సాయంత్రం తేలిపోయింది. క్రిస్టినా బైబిలు మూసి ఒళ్లో పెట్టుకుని, "నేను కాలేజీ రోజుల్లో..." అని మొదలుపెట్టి, మిగతాది మింగేసింది. పాస్టర్ గారి భార్యకి మర్యాద కాస్త ఎక్కువే ఉండాలి మరి.

సంపూర్ణమ్మ గారు మాత్రం నవ్వలేదు. నవ్వులు సద్దుమణిగాక, చాప పుల్ల గోటితో గిల్లుతూ అంది.

"నేనూ అందుకే దిగిపోయాను."

"ఆరోన్ గారు వద్దన్నారని కదండీ?" అంది పాపాయి.

"ఆయనేమీ అనలేదమ్మా. ఆ సైకిలు కొన్నదే ఆయన. పాలకొల్లు నుంచి ఎండలో తొక్కుకుంటూ తెచ్చారు. నొప్పి అని ఎవరితో చెప్పను? సిగ్గేసింది. మీకేమో ఆయన వద్దన్నారని చెప్పాను. అలా అంటే ఎవరూ ఇంకో మాట అడగరు కదా. ఆయనకేమో, నేను సైకిలెక్కితే ఊళ్లో అందరూ నవ్వుతున్నారని చెప్పాను."

అంటే ఊరు ఆయన్ని అనుమానపు మనిషి అనుకుంది. ఆయన ఊరిని తన భార్యని చూసి నవ్విన ఊరనుకున్నాడు. ఊరూ ఆయనా ఒకరినొకరు జీవితాంతం అసహ్యించుకున్నారు, ఒక సీటు మూతి కోసం. తబితకి సమాధుల దొడ్డి గేటు దగ్గర తనన్న మాట గుర్తొచ్చి, వరండాలో ఉండలేక మెట్లు దిగిపోయింది.

చర్చి ప్రహరీ కోసం తోలించిన ఇసుక గుట్ట వానకి తడిసి ఉంది. తబిత వెళ్లి దాని మీద కూలబడింది. చల్లగా, మెత్తగా, ఎక్కడా గుచ్చుకోకుండా హాయిగా ఉంది. ఇసుక మీద కూర్చుంటే లేని నొప్పి సీటు మీద ఎందుకొస్తోంది? లేచి వెనక్కి తిరిగి చూసింది. తడి ఇసుకలో రెండు గుంటలు పడ్డాయి. మనిషి బరువంతా ఆ రెండు గుంటల్లో ఉంది. మధ్యలో ఇసుక చెదరనైనా లేదు.

లేసు పనిలో టేపు వాడరు. గుడ్డ వెడల్పైనా, పువ్వు కొలతైనా దారం పెట్టి చూసి, ఎక్కడికక్కడ ముడేసుకుంటారు. తబిత సంచిలోంచి దారం తీసి ఒక గుంట అడుగు నుంచి ఇంకో గుంట అడుగుదాకా పట్టి, రెండు చోట్లా ముడులేసింది. ఆ దారం తీసుకెళ్లి సైకిలు సీటు మీద అడ్డంగా పెట్టింది. రెండు ముడులూ సీటుకి అటూ ఇటూ గాలిలో వేలాడాయి. ఆమె కూర్చోవాల్సిన రెండు ఎముకలకీ అక్కడ చోటే లేదు. ఇన్నాళ్లూ ఆమె బరువంతా మోసింది మధ్యలో ఉన్న ఆ మూతి.

శుక్రవారం పొద్దున్నే బుల్లబ్బాయి షాపు తెరిచేసరికి తబిత అక్కడుంది.

"ఈ రెండు ముడులూ దిగకుండా పట్టే సీటు కావాలి."

"ఆయ్, అలాగేనండి. ఏం ముడులండి ఇవి?"

"నా పిర్రల ఎముకలు."

బుల్లబ్బాయి చేతిలో పానా జారి కాలి మీద పడింది. పాపం, అది పెద్ద పానా. అతను కాలు పట్టుకుని, ఇటు చూడకుండా, షాపు కప్పు వైపు చూస్తూ చాలాసేపు ఉన్నాడు. తబిత ఎక్కడికీ వెళ్లలేదు. చివరికి నిచ్చెనేసుకుని అటకెక్కి, దుమ్ము దులుపుకుంటూ ఒక సీటు దించాడు. వెడల్పుగా ఉంది, కింద రెండు లావుపాటి స్ప్రింగులు, ముందు మూతి పొట్టిగా ఉంది. రంగు నలుపు. పువ్వులు లేవు.

"ఇది పాత మోడలండి. ఎవరూ అడగట్లేదండి."

"ఏమని అడుగుతారయ్యా? నడుమంటే నువ్వు హేండిలెత్తుతావు. మోకాళ్లంటే పెడల్ మారుస్తావు. అసలు చోటు చెబితే పానా కాలి మీద పడేసుకుంటావు."

దారం పెట్టి చూసింది. రెండు ముడులూ సీటు మీదే నిలబడ్డాయి. బిగించాక ఎక్కి చూసి, మూతి కాస్త కిందికి దించమంది. దించాడు. ఆ గులాబీ రంగు కవరు అతని బల్ల మీదే వదిలేసింది. ఇంకో ఆడమనిషికి అమ్మాడంటే వచ్చి షాపు ముందు కూర్చుంటానని చెప్పి మరీ వదిలేసింది.

పాత పుండు మానడానికి టైము పట్టింది గానీ, కొత్తగా ఒరుసుకోలేదు. శనివారం ఇల్లిల్లూ తిరిగి, ఎండెక్కకముందే నరసాపురం చేరింది. హరిబాబు గారు సరుకు లెక్కచూసుకుని తలూపాడు. పక్కనే మురళీకృష్ణ బండి తాళం వేలికి తిప్పుకుంటూ కూర్చున్నాడు.

"ఏంటి తబితా, నడుం నొప్పి తగ్గిందా?" అన్నాడు హరిబాబు గారు.

ఎక్కడ తగ్గిందో తబిత చెప్పింది. హరిబాబు గారికి ఉన్నట్టుండి టేబుల్ సొరుగులో ఏదో అత్యవసరంగా వెతకాల్సి వచ్చింది. మురళీకృష్ణ టీ తాగొస్తానని వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆయన ఆమె ఆరోగ్యం సంగతీ ఎత్తలేదు, రూటు సంగతీ ఎత్తలేదు.

దీంతో ఊరు మారిపోయిందనుకునేరు. ఏమీ మారలేదు. ఇప్పుడు ఆడవాళ్లు ఇంటి దగ్గర తడి ఇసుక మీద కూర్చుని, దారానికి ముడులేసుకుని, బుల్లబ్బాయి షాపుకెళ్లి మాట్లాడకుండా ఆ దారం చేతికిస్తారు. అతనూ మాట్లాడకుండా తీసుకుని సీటు మారుస్తాడు. ఎవరైనా ఏమైందని అడిగితే ఇద్దరూ కలిసి నడుం నొప్పి అనే చెబుతారు.

పై వారం తబిత సంపూర్ణమ్మ గారింటికి వెళ్లింది. సంచి దించలేదు, దారం ఇవ్వలేదు. గుమ్మం దగ్గరే నిలబడింది. ఎప్పుడూ లేనిది, సంపూర్ణమ్మ గారే లేచి వాకిట్లోకొచ్చి, సైకిలు చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యేసి నొక్కి చూసింది.

"స్టాండు వెయ్యి" అంది.

తబిత స్టాండు వేసి పట్టుకుంది. సంపూర్ణమ్మ గారు చీర కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఆయాసపడుతూ సీటెక్కింది. కాసేపు కదలకుండా కూర్చుంది. తర్వాత పెడల్ మీద కాలేసి నెమ్మదిగా తొక్కింది. నేల తగలని వెనక చక్రం గిర్రున తిరిగింది. ఆవిడ ముందుకి, వెనక్కి జరిగి చూసుకుంది. ఎక్కడా గుచ్చుకోలేదు.

"ఇంతేనా తబితా?"

"ఇంతేనండి టీచర్ గారూ."

"బజార్లో దొరికేదేనా?"

"ఆ బుల్లబ్బాయి అటక మీద పడుందండి."

సంపూర్ణమ్మ గారు తొక్కడం ఆపేసింది. చక్రం తిరిగి తిరిగి ఆగిపోయేదాకా కిందికి చూస్తూ ఉండిపోయింది.

"ఒక్క మాట చెప్పుంటే," అంది, "ఆయన పాలకొల్లు వెళ్లి మార్చుకొచ్చేవారు."

తబిత సైకిలు పట్టుకుని నిలబడింది. కంపెనీవాళ్లని తిట్టాలని ఉంది, బుల్లబ్బాయిని తిట్టాలని ఉంది, గేటు దగ్గర నవ్వినవాళ్లని, నవ్వించిన తనని తిట్టుకోవాలని ఉంది. నోరు తెరిచింది గానీ, ఆ పూట ఆమెకి ఒక్క తిట్టూ రాలేదు.